నా వేలికే కదిలే బండి

మా ఊళ్లో ఎత్తుగా ఉండే చిన్న కారు మొదట కొన్నది నేనే. లీటరుకు ముప్పై ఇస్తుందనీ, ఎంత గుట్టయినా గుర్రంలా ఎక్కుతుందనీ అందరికీ చెప్పాను. నిజానికి ఏసీ వేస్తే పదిహేను దాటదు. మూడు సిలిండర్ల ఇంజను. నలుగురు కూర్చుంటే ఎత్తు మీద నాలాగే రొప్పుతుంది. ఇవి చిన్న అబద్ధాలు. పెద్దది వేరే ఉంది.

ఆ బండికి తాళంచెవి పెట్టి తిప్పే పని లేదు. అది మన ఒంటి మీదుంటే చాలు, బటన్ ఒత్తితే స్టార్టవుతుంది. మా ఈడు మగవాళ్లం బీరువా తాళాలు మొలతాడుకే కట్టుకుంటాం కదా, దీన్నీ అక్కడే కట్టాను. పంచె కింద ఎవరికి కనిపిస్తుంది? ఖాళీ చేతులు చూపించి, చూపుడు వేలితో బటన్ ఒత్తి, "నా ఏలి గుర్తు వట్టింది. ఇంకెవ్వలు ఒత్తినా కదలది" అన్నాను. ఊరు నమ్మింది. నా భార్య కూడా నమ్మింది. గుట్టు బయటపడకుండా రెండో తాళంచెవిని జొన్నల డ్రమ్ములో దాచాను.

వానాకాలంలో ఒకరోజు, పెట్రోలు దండగని బస్సులో హైదరాబాదు బయలుదేరాను. షాద్‌నగర్ దగ్గర ఫోను మోగింది. పక్కింటి ట్రాక్టర్ డ్రైవరు, నాకు అల్లుడి వరస.

"మామా, అత్తకు దమ్మొస్తలేదు. పెదాలు నల్లవడ్డయ్. కల్వర్టు కొట్టుకపోయింది, అంబులెన్సు రాళ్ల కాడనే ఆగింది. నా ట్రాక్టరు రిపేర్ల ఉంది. నువ్వు యాడున్నవ్?"

"నా కారు తియ్‌రా!"

"నీ ఏలు లేంది అదెట్ల నడుస్తది మామా?"

నా చెయ్యి నడుము మీదికి పోయింది. తాళంచెవి అక్కడే ఉంది. నిజం చెప్పడానికి సిగ్గేసింది. చెప్పుకుంటే తప్ప పాపం పోదు: రెండు శ్వాసలసేపు ఆగాను. అక్కడ ఆమెకు ఒక్క శ్వాస అందడం లేదు.

"అబద్ధంరా! ఏలు లేదు గీలు లేదు! జొన్నల డ్రమ్ముల ఇంకో తాళంచెయ్యి ఉంది. కింద కుమ్మరియ్!"

బస్సంతా తిరిగి చూసింది. ఫోనులో జొన్నలు రాలుతున్న చప్పుడు. ఎన్ని జొన్నలు పోశానో దేవుడా!

"దొరికింది మామా. లైట్లొచ్చినయ్ గని ఇంజను లేస్తలేదు. గిది గూడ అబద్ధమేనా?"

"క్లచ్ నిండ తొక్కిపట్టి ఒత్తు!" బస్సు నేలను నేనే తొక్కుతున్నాను. ఇంజను గుర్రుమంది. ఫోను తెగింది.

మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. దిగి, ఎదురొచ్చిన బస్సెక్కాను. ఇక జన్మలో అబద్ధమాడనని జోగులాంబకు మొక్కాను. అదీ కొంచెం పెంచి మొక్కిందే. కిటికీ ఊచ పట్టుకుని, ఆమెను బతికించు చాలు అని మాత్రం నిజంగానే ఏడ్చాను.

దవాఖానలో ఆమె ముక్కుకు మాస్కు పెట్టుంది. కళ్లు తెరిచే ఉన్నాయి. గోడకు ఆనుకున్న అల్లుడు, "ఫస్టు గేరుల రొప్పుకుంటనే ఎక్కింది మామా. కింద ఒక్క రాయి తగల్లే" అన్నాడు. బండి గురించి ఊళ్లో ఎవరైనా చెప్పిన మొదటి నిజం అదే.

ఆమె మాస్కు పక్కకు జరిపి, చెయ్యి చాపింది.

"తాళంచెయ్యి ఇటియ్."

మొలతాడు ముడి విప్పబోతే రాలేదు. ఊరంతా నమ్మిన ఆ వేలికి ముడి కూడా కదల్లేదు.