ఆముదం జాడీ, సత్తెమ్మ గూడ

మా చిన్నప్పుడు... అని రాసి రెండుసార్లు చెరిపేశాను. ఈ ముచ్చట రాయకపోతే లోకానికొచ్చే నష్టమేమీ లేదు. నాకే ఉంది...

మండపేట పక్క మా ఊళ్లో కాలవ నీళ్లు మెరక చేలకు ఎక్కేవి కావు. గూడతో తోడాల్సిందే. గూడంటే వెదురు బుట్ట... ఇద్దరు చెరోవైపు తాళ్లు పట్టుకుని, ఊపి, నీళ్లు పైకి చిమ్మేవారు. వెదురు బుట్టలో నీళ్లెలా నిలుస్తాయంటారా? అదే మా ఊళ్లో బుట్టలల్లే సత్తెమ్మ పనితనం. గుగ్గిలం, అంటే చెట్టు బంక, కరిగించి, ఆముదం కలిపి, అల్లిక సందుల్లో పూసేది. ఆముదం తగ్గిందా, పూత ఎండకి పెళుసెక్కి పగిలిపోతుంది.

ఆముదమంటే గుర్తొచ్చింది... నెలకో ఆదివారం మా నాయనమ్మ పిల్లలందరినీ వరసగా నిలబెట్టి తాగించేది. తరవాతి కథ రాయను, భోజనాల వేళ చదివేవాళ్లుంటారు. ఆ భయానికే ఓ శనివారం జాడీలో ముప్పాతిక ఆముదం పెరట్లో పారబోశాను.

ఆ మధ్యాహ్నమే తాతయ్య మూత కూడా తీయకుండా ఆ జాడీ నా చేతికిచ్చి, కొత్త గూడ పూతకని సత్తెమ్మకి ఇచ్చి రమ్మన్నాడు.

"ఇది చాలదండి అబ్బాయిగారూ. ఇంకాస్త తెండి," అంది సత్తెమ్మ.

"ఇంట్లో ఇంతే ఉందంట," అన్నాను.

మూడోనాటికి చేలో గూడ కారింది. పదిమంది ముందు తాతయ్య, "ఏంటే సత్తెమ్మా, గూడ అడిగితే జల్లెడ అల్లావేంటే?" అన్నాడు. అందరూ నవ్వారు. సత్తెమ్మ నావైపు ఒక్కసారి చూసింది. నేను కాలవలో బాతుల్ని లెక్కపెడుతున్నాను...

"నా చెయ్యి తప్పిందండి," అంది.

తాతయ్య రేకు గూడ తెప్పించాడు. ఆయన్ని చూసి ఊరంతా అదే. సత్తెమ్మ ఆ తరవాత గుగ్గిలం ముట్టలేదు, కోళ్ల గంపలే అల్లుకుంది. ఆమె పోయేదాకా నేను నోరు విప్పలేదు.

మొన్న రాజమండ్రిలో ఎగ్జిబిషన్‌కి వెళ్తే, ఓ అమ్మాయి వెదురు గిన్నెలో నీళ్లు పోసి చూపిస్తోంది. "ప్లాస్టిక్ కాదండి, మొక్కల నుంచి తీసిన రెసిన్ కోటింగండి!"

"ఆముదం సరిపడా వేశారా అమ్మా?" అన్నాను.

"అరె, ఇందులో ముఖ్యమైంది అదేనండి! మీకెలా తెలుసండీ?"

అక్కడా చెప్పలేకపోయాను...

ఇప్పుడు ఆముదం తాగించే నాయనమ్మలూ లేరు, గూడలూ లేవు. స్విచ్చి నొక్కితే మోటారే తోడేస్తోంది. మీ తప్పు తమ నెత్తిన వేసుకున్నవాళ్లు మీకూ ఎవరైనా ఉంటే, కనీసం వాళ్ల పేరు ఇక్కడ రాయండి.

ఆ గిన్నె ఒకటి కొన్నాను. ఇవాళ పొద్దున్న నీళ్లు పోసి అరుగు మీద పెట్టాను. సాయంత్రానికి చుక్క కారలేదు. నీళ్లు కరివేపాకు మొక్కకి పోసేశాను.