కళ్ళు మూసుకొని కొన్న రాడ్

మొన్న సూర్యాపేటలో గాలాల దుకాణానికి వెళ్ళి, రబ్బరు చేపను ఎరగా వేసి చేపలు పట్టడానికి తేలికపాటి రాడ్ ఒకటి కావాలన్నాను. దుకాణాయన ఒకదాని పిడి నా చేతికిచ్చి, కొస తను పట్టుకొని, "జర కండ్లు మూసుకోండి సార్, తాకి సూపిస్త" అన్నాడు. నేను కళ్ళు ఇంకా పెద్దవి చేసుకొని ఆయన వేళ్ళ వంకే చూస్తూ నిలబడ్డాను.

ఈ పరీక్ష నాకు నేర్పింది కోదాడలో ఉండే మా అక్క భర్త, మా బావ. రబ్బరు చేపను నీటి అడుగుకు దించి, కొద్దికొద్దిగా ఎగరేస్తూ లాగుతుంటే కొర్రమట్ట వెంటనే మింగదట, ముందు ఊరికే ముట్టి చూస్తుందట. ఆ ముట్టడం అరచేతికి తెలియని రాడ్ బట్టలారేసుకోవడానికి తప్ప పనికిరాదట. ఇవన్నీ ఆయన గొంతు తగ్గించి చెప్పేవాడు, మిర్యాలగూడ బజారులో చేపలేవో వింటున్నట్టు. కొన్నేళ్ళ కిందట అక్కడి దుకాణంలోనే ఇద్దరం రాడ్లు కొన్నాం. కొస సన్నగా ఉన్న తేలికది ఒక్కటే మిగిలింది, తక్కినవన్నీ మొద్దువి. "ముందు నువ్వే చూసుకో బామ్మర్దీ" అన్నాడు ఉదారంగా. కొసను తను గోటితో తాకుతానన్నాడు, నేను పిడి పట్టుకొని కళ్ళు మూసుకున్నాను. తేలికది పట్టుకుంటే చేతికి ఏమీ తెలియలేదు. మొద్దుది పట్టుకుంటే టకటకమని తెలిసింది. "చూశావా, నీ చేతికి ఇదే సరిపోద్ది" అన్నాడు, తేలికది తను తీసుకుంటూ. ఆ శ్రద్ధకు కరిగిపోయి, బస్టాండులో వేడివేడి మిర్చీలు కూడా నేనే తినిపించాను.

ఆ ఏడాదంతా ఆదివారాలు వాడపల్లిలో, మూసీ కృష్ణలో కలిసేచోట పక్కపక్కనే నిలబడ్డాం. ఆయనకు చేపలు పడేవి. నా రబ్బరు చేప తోక తెగి వచ్చేది, ఎప్పుడు కొరికిందో తెలిసేది కాదు. "నీ చెయ్యి మొద్దు బామ్మర్దీ" అనేవాడు బావ. నమ్మాను. అన్నం ముందు కూర్చున్నా అరచేతిని తిప్పితిప్పి చూసుకునేవాణ్ణి.

ఒకరోజు టీ తాగొస్తానని తన రాడ్ నాకిచ్చి వెళ్ళాడు. అడుగున చిన్న రాయి తగిలినా అరచేతిలో పలికింది. నా చేతికి ఏ రోగమూ లేదు. ఆయన రాగానే అడిగాను.

"ఆ రోజు దుకాణంల దీని కొస తాకినవా బావా?"

ఆయన నవ్వాడు. "తాకలేదులే. ఒక్కటే ఉండె గదా. అడిగితే ఇచ్చేవాడివా ఏంటి?"

ఇచ్చేవాణ్ణి. ఆయన మాట పూర్తికాకముందే ఇచ్చేవాణ్ణి. రాడ్ కొట్టేసినదానికంటే, ఏడాదిపాటు పక్కనే నిలబడి నా చేతిని నాతోనే తిట్టించినందుకు ఎక్కువ మండింది. ఇప్పటికీ మా ఇంటికి వస్తాడు. కాళ్ళకు నీళ్ళిస్తాను, కూరలో మంచి ముక్కలు ఆయనకే వేయిస్తాను. చేపలు పట్టే మాట మాత్రం ఎత్తను.

సూర్యాపేట దుకాణాయన కొసను గోటితో తాకాడు. కళ్ళు తెరిచి చూస్తుండగానే చేతికి తెలిసింది. తీసుకుంటానన్నాను. "కండ్లు మూసుకుంటే ఇంక మంచిగ తెలుస్తది సార్" అన్నాడాయన, పాపం. నిజమే. ఇన్నేళ్ళ కాలం నా అరచేతిని నాకు తిరిగి ఇచ్చేసింది గానీ, మనిషి ముందు కళ్ళు మూసుకునే ధైర్యాన్ని ఇంకా తన దగ్గరే పెట్టుకుంది.