అంటే మాస్టారు

మా మాస్టారికి ఏదీ ఒక్కసారికి అర్థమయ్యేది కాదు. ఎవరేమన్నా కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, "అంటే?" అనేవారు. యూనివర్సిటీలో మాకు సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ మూలసూత్రాలు చెప్పింది ఆయనే. చెప్పారనడం మర్యాదకు. నిజానికి అడిగారు.

మొదటి రోజు మొదటి బెంచీ మేధావిని లేపి, "మంచి సాఫ్ట్‌వేర్ అని దేన్నంటాం?" అన్నారు.

"బాగా పనిచేసేదాన్ని సార్."

"బాగా అంటే?"

"త్వరగా సార్."

"త్వరగా అంటే?"

"అంటే సార్..."

"ఊఁ, అంటే?"

"అంటే... అంటే..."

జవాబు తెలియనప్పుడు మనవాళ్ళంతా 'అంటే' అనే మొదలుపెడతారు. ఆయన ప్రశ్న కూడా అదే కావడంతో ఒకే మాట గంటసేపు అటూ ఇటూ నడిచింది. గంట కొట్టాక నోటుపుస్తకాలు చూసుకుంటే తేదీ తప్ప ఏమీ లేదు. ఆ సాయంత్రానికే ఆయన 'అంటే మాస్టారు' అయ్యారు.

క్యాంటీన్‌లో టీ మాస్టరు మొదట్లో తెలియక, "మామూలు టీయేనా సార్?" అని అడిగేవాడు.

"మామూలు అంటే?"

"అందరూ తాగేది సార్."

"అందరూ అంటే?"

వెనక వరస వరండా దాకా పెరిగేది. చివరికి టీ మాస్టరు విసిగిపోయి ఒక అట్టముక్క మీద రాసి గోడకు కొట్టాడు: 'మామూలు టీ అంటే ఒక చెంచా పంచదార, మీగడ లేకుండా, కప్పుకు వేలెడు తక్కువ.' మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి మురిసిపోయారు. "కట్టబోయేదేమిటో ముందే రాసుకోవడమంటే ఇదయ్యా!" అని క్లాసుకి క్లాసునే తీసుకొచ్చి చూపించారు. మా పాఠంలో మొదటి అధ్యాయం అలా పూర్తయింది. టీ మాస్టరు అట్టకి ఇంకో మేకు కొట్టుకున్నాడు.

ఇంట్లోనూ ఇదే వరస. ఒకసారి పాఠం మధ్యలో ఆయన భార్య ఫోన్ చేశారు. ఆవిడ గొంతు వినడానికి మాకు స్పీకరు అక్కర్లేదు.

"అమ్మావాళ్ళొచ్చారు, త్వరగా రండి."

"త్వరగా అంటే?"

"ఇంకోసారి 'అంటే' అంటే తలుపు తీయను. అంత త్వరగా!"

"చూశారా, కొలత పెట్టి చెప్పడమంటే అదీ!" అని మాకేసి గర్వంగా చూసి, చాక్‌పీసు చేతిలోనే పట్టుకుని వెళ్ళిపోయారు.

నాది ఆఖరి బెంచీ. మొదటి ఏడాది ఒకసారి చెయ్యెత్తి సందేహం అడిగితే క్లాసంతా వెనక్కి తిరిగి నవ్వింది. అప్పట్నుంచీ అర్థం కానివన్నీ తలూపి సరిపెట్టేదాన్ని. తలూపడంలో గంగిరెద్దు కూడా నా ముందు దిగదుడుపే. అలా ఊపి ఊపి మాస్టారి సబ్జెక్టు రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే సీటే పోతుంది. అయినా నా కోపమంతా మాస్టారి మీదే. మొదటి బెంచీవాడు ఏదో పెద్ద మాట విసురుతాడు, నేను హాయిగా తలూపుతాను, సరిగ్గా అప్పుడే ఈయన "అంటే?" అంటారు. ఇంత చదివినాయనకి ఇది కూడా తెలియదా అనుకునేదాన్ని.

మూడోసారి అదే సబ్జెక్టు పరీక్షకి నాకు లైబ్రరీ ప్రాజెక్టు పడింది. పుస్తకాల జాబితా చూసుకునే ప్రోగ్రాం రాయాలి. లైబ్రేరియన్ గారు ఎప్పుడూ హడావిడిగా ఉండే మనిషి. "ఇరవై ఏళ్ళు దాటిన పుస్తకాలన్నీ తీయాలమ్మా" అన్నారు. తలూపాను.

మాస్టారికి చెబితే, "తీయడం అంటే?" అన్నారు.

"తీయడమే సార్."

"తలుపు తీస్తాం, ఫొటో తీస్తాం, పన్ను తీస్తాం. ఇందులో ఏది?"

"అంటే సార్..."

"నన్ను కాదు, ఆవిడనడుగు."

ఇంత చిన్న మాటకి మళ్ళీ వెళ్ళి అడిగితే ఏమనుకుంటారు? అడగలేదు. పన్ను తీసినట్టు తీశాను. లైబ్రేరియన్ గారి ఎదుటే మీట నొక్కితే రెండువేల నూట పద్నాలుగు పుస్తకాలు జాబితాలోంచి మాయం.

"అయ్యో నా తల్లీ! తీయమన్నది బైండింగుకి! ఏవేవి పాతవో వేరుగా తీసిస్తే కుట్టిద్దామని!" అంటూ ఆవిడ కుర్చీలో కూలబడ్డారు.

మాస్టారు వచ్చి చూశారు. "అసలు జాబితా భద్రంగా ఉంది. నీకిచ్చింది నకలు" అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

పరీక్షకి నాలుగు రోజులుంది. ప్రోగ్రాం సరిచేయడానికి కూర్చున్నాను. పాత పుస్తకాలు కనిపిస్తే కొత్తవి కనిపించవు, కొత్తవి దారికొస్తే రచయితల పేర్లు తారుమారు. ఒక్కో దిద్దుబాటు కాగానే అన్నీ మళ్ళీ మొదటి నుంచీ చూసుకోవడంతోనే నాలుగు రోజులూ గడిచిపోయాయి.

పరీక్ష పెట్టడానికి బయటి యూనివర్సిటీ నుంచి ఒక పరీక్షకుడు వచ్చాడు. మాటకు ముందు గొంతు, మాట తర్వాత టై సవరించుకునే మనిషి. మాస్టారు పక్క కుర్చీలో కూర్చున్నారు. పరీక్షకుడు నా ప్రోగ్రాం చూసి, "రిగ్రెషన్ టెస్టింగ్ చేశావా?" అన్నాడు.

తలూపాను.

"ఏం చేశావు?"

"అంటే సార్..."

ఆయన పెన్ను మూత తీశాడు. ఆ తీయడమేమిటో నాకు అడక్కుండానే అర్థమైంది.

అప్పుడు పక్క కుర్చీలోంచి వినిపించింది. "రిగ్రెషన్ టెస్టింగ్ అంటే?"

పరీక్షకుడు, ఈ మనిషికి ఉద్యోగం ఎవరిచ్చారన్నట్టు చూశాడు. "మీకు తెలియదా?"

"అంటే ఏమిటంటారు?" అన్నారు మాస్టారు, కళ్ళద్దాలు నుదుటికెక్కించి.

"ఒకచోట సరిచేసినప్పుడు, అంతకుముందు పనిచేసినవి ఇంకా పనిచేస్తున్నాయో లేదో మళ్ళీ చూసుకోవడం" అన్నాడు పరీక్షకుడు, ఒక్కో మాటా విడదీసి, చంటిపిల్లాడికి చెప్పినట్టు.

"అదా!" అన్నాను పైకే. నేను నాలుగు రోజులుగా పడ్డ చాకిరీకి అంత పెద్ద పేరుందని నాకేం తెలుసు! ఇక ఆగితే ఒట్టు. పన్ను తీసిన దగ్గర్నుంచీ పేర్లు తారుమారైన దాకా పూస గుచ్చినట్టు చెప్పాను. పరీక్షకుడు టై సంగతి కూడా మరిచిపోయి విన్నాడు. గట్టెక్కాను.

వెళ్తూ ఆయన మాస్టారి భుజం తట్టి, "అప్పుడప్పుడూ ఏదైనా చదువుతూ ఉండండి" అన్నాడు. మాస్టారు "అంటే?" అనలేదు. బుద్ధిగా తలూపారు.

వారం తర్వాత బైండింగుకి పుస్తకాలు దించడానికి లైబ్రేరియన్ గారికి సాయం వెళ్ళాను. నా ప్రోగ్రాం తీసిచ్చిన జాబితాలో మూడోది వెన్ను ఊడిన లావుపాటి పుస్తకం. అట్ట మీద మాస్టారి పేరు. లోపల ఆరో అధ్యాయం, నలభై పేజీలు: రిగ్రెషన్ టెస్టింగ్.

"నీకు తెలీదూ? ఆయన రాసిందేనమ్మా" అన్నారు లైబ్రేరియన్ గారు. "నువ్వు ఊడబెరికినవాటిలో అదీ ఉంది."

పుస్తకం పట్టుకుని క్యాంటీన్‌కి పరుగెత్తాను. మాస్టారు అట్టముక్క కింద కూర్చుని మామూలు టీ తాగుతున్నారు.

"సార్, ఆ రోజు... మీకు తెలుసు!"

"తెలియడం అంటే?"

"మీరడిగింది మీ కోసం కాదు. ఆ రోజే కాదు, క్లాసులో కూడా... నేను తలూపినప్పుడల్లా... అంటే సార్..."

"ఊఁ, అంటే?"

జవాబు కోసం గంటలకొద్దీ ఆగగల మనిషి, ఆ ఒక్కసారి ఆగలేదు. కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని, సగం టీ వదిలేసి, గబగబా వెళ్ళిపోయారు.

"ఏమైందమ్మా ఆయనకి?" అన్నాడు టీ మాస్టరు.

"ఏం లేదు, మామూలే."

టీ మాస్టరు గిన్నె దించి, నాకేసి తిరిగాడు.

"మామూలే అంటే?"