రాజేశం సార్ గీకేసిన అయిదు పేర్లు

రాజేశం సార్ కోరుట్లలో తమ ఇంట్లోనే గుండె ఆగి కన్నుమూశారన్న దుర్వార్త మంగళవారం పొద్దున జగిత్యాలలోని మా సర్వే ఆఫీసుకు చేరింది. చేతిలోని కలం కింద పెట్టాను. పదకొండేళ్లు ఆయన కొలిచి తెచ్చిన వాగులను పటం మీద సిరాతో గీసినవాణ్ణి నేను. గుండెజబ్బుతో పోయారని అందరూ అంటున్నారు. నేను ఒప్పుకోను.

ఏ వాగు నిర్మలంగా ఉంది, దేన్ని కాపాడాలి, పూడిపోయినవాటిలో దేనికి మళ్లీ ప్రాణం పోయవచ్చు అని తేల్చడం ఆయన పని. మండువేసవిలోనూ పారే ఒర్రెలోకి, అంటే గుట్టల మీంచి దిగే చిన్న వాగులోకి, దిగి రాళ్లు తిరగేసేవారు. రాయి అడుగున మంచినీళ్లలోనే బతికే సన్నని పురుగులు కదులుతుంటే ఆయన ముఖం వికసించేది. దోసిట పట్టి తాగాకే పుస్తకం తీసేవారు. సిరిసిల్ల దగ్గర అద్దకం రంగులు కలిసేచోట ఎన్ని రాళ్లు తిప్పినా ఒక్క పురుగూ లేదు. “గిది సచ్చిన వాగు గాదు తమ్మీ, సంపిన వాగు. గట్లనే రాయి” అన్నారు. పై అధికారి ఆ మాట కొట్టేస్తే మళ్లీ రాయించారు. మహా మొండిమనిషి.

గుట్టల్లోని ఒర్రెలకు సర్కారు పటాల్లో పేర్లుండవు. వాటిని మాకు చూపించేది గొర్రెల కాపరులే. “చూపినోని పేరే పెడుదం. ఆనికి మనం ఇచ్చేది ఇంకేమున్నది?” అనేవారు సార్. అలా మల్యాల అవతల ఒకటి ‘మల్లయ్య ఒర్రె’ అయింది. ఆ సంగతి చెబితే మల్లయ్య సిగ్గుపడి గొంగడి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అలాంటి పేర్లు అయిదింటిని ముద్దుగా రాశాను. మిగతా నాలుగూ ఇక్కడ రాయను.

అన్నల దళాలు తిరుగుతున్న కాలమిది. ఎండాకాలంలో నీళ్లున్నచోటికే ఆ దళాలైనా వస్తాయన్న ఇంగితం మా ఇద్దరికీ లేకపోయింది. సార్ ఊళ్లో లేనిరోజు పోలీసులు వచ్చి పటం నకలు అడిగారు. ఇచ్చాను. నీళ్లెక్కడున్నాయో, ఆ దారి ఎవరికి తెలుసో రెండూ అందులో ఉన్నాయి. అయిదుగురినీ పట్టుకుపోయారు. నలుగురు కుంటుతూ తిరిగొచ్చారు. మల్లయ్య రాలేదు. శవమూ రాలేదు.

సార్ రెండు రోజులు ఠాణా ముందు కూర్చున్నారు. “పేర్లు వెట్టింది నేను. నన్ను ఎయ్యుండ్రి లోపల” అన్నారట. గెంటేశారు. ఆఫీసుకొచ్చి బ్లేడుతో అయిదు పేర్లూ గీకేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఆయన ఏ ఒర్రెలోకీ దిగలేదు, సరిగా తిననూ లేదు.

అంత్యక్రియలకు మల్లయ్య భార్య లచ్చవ్వ వచ్చింది. నన్ను పక్కకు పిలిచి, “సారు మా ఆయన పేరు తీసేసిండంట గదా?” అంది.

“అందరి పానాలు కాపాడాలెనని తీసిండవ్వా.”

“మా ఆయన పానం ఏడున్నది సారూ? పీనుగన్న దొరకకపాయె. గా పేరన్న మల్ల వెట్టుండ్రి.”

నిన్న పటం పరిచి రాశాను. గీకినచోట సిరా కాస్త పాకింది. ఆ పేరుగలవాణ్ణి ఇక ఎవరూ పట్టుకుపోలేరు కదా అనుకున్నాను. అతని గొర్రెలను ఇప్పుడు తమ్ముడు అదే ఒర్రెకు తోలుతున్నాడని రాశాక గుర్తొచ్చింది. ఉంచాలో గీకాలో తెలియక బ్లేడు పట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్లూ ఏ సందేహమొచ్చినా సార్‌నే అడిగాను. ఆ ధర్మమూర్తికి చేతులెత్తి మొక్కుతున్నాను. ఇది అడగడానికి నాకిక ఎవరూ లేరు.