త్రాసు గుర్తు మీద కుంకుమ

హనుమకొండ, శనివారం, కార్తీక బహుళ పంచమి.

మొన్న గురువారం ఉదయం ఆరుంబావుకు మా మరిది ఆసుపత్రిలో కన్నుమూశాడు. పన్నెండో రోజున సంతాప సభ. ఆనాడు పంచే చిన్న పుస్తకానికి నన్నూ రెండు పేజీలు రాయమన్నారు. ఆయన మంచితనం గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రమే రాయగలిగినది ఒకటుంది. ఇప్పుడు రాయకపోతే అది నాతోనే పోతుంది.

నేను కోడలిగా వచ్చేనాటికి ఆయన తొమ్మిదో తరగతి. లెక్కలు నేనే చెప్పాను. తప్పు చేస్తే గోడకుర్చీ వేయించాను. శాసనసభ్యుడయ్యాక కూడా, అర్జీలు తెచ్చినవాళ్లతో, "జర సక్కగ చెప్పున్రి, మా వదినె గోడకుర్చీ ఏపిస్తది" అనేవాడు.

పొద్దున్నే మా బట్టల దుకాణం అరుగు మీద కూర్చునేవాడు. పేరు, ఊరు, పని నేను రిజిస్టరులో ఎక్కించేదాన్ని. పని అయ్యిందని తెలిసేదాకా ఏ పేరూ కొట్టేయనిచ్చేవాడు కాదు. అలాగే, కాని పనికి "అయితది, పో" అనేవాడూ కాదు. "కాదని ఇయ్యాల్నే చెప్తే, పాపం ఇంకోసారి తిరుగుడు తప్పుతది" అనేవాడు. తన ఓటర్లున్న డోర్నకల్ వైపు వెళ్లాలంటే ప్యాసింజరు రైలే ఎక్కేవాడు. జీపులో పోతే అందరూ దండాలు పెడతారట, రైల్లో అయితే మొహం మీదే తిడతారట. ఎవరు ఎందుకు తిట్టారో ఇంటికొచ్చి నాకు వరుసగా చెప్పేవాడు.

డెబ్బైల మొదట్లో ఏ పార్టీ టికెట్టూ లేకుండా, త్రాసు గుర్తు మీద గెలిచాడు. ఆ తరువాతి ఎన్నికల్లో అదే గుర్తు మీద అరవై ఒక్క ఓట్లతో ఓడిపోయాడు. నేను రాయవలసింది ఆ ఓటమి గురించే.

ఆ రోజుల్లో కాగితం మీద ముద్ర వేసి ఓటు వేసేవాళ్లం. ఊరూరా ఆడవాళ్లను కూర్చోబెట్టి, నమూనా కాగితం మీద ముద్ర ఎలా వేయాలో, ఎలా మడవాలో నేర్పే పని నాది. మరిపెడ వైపు ఒక ఊళ్లో మధ్యాహ్నం ఎండకు నా సిరా మెత్త ఎండిపోయింది. మరో ఊరికి ఆలస్యమవుతోంది. ఒకామె ఇంట్లోంచి కుంకుమ భరిణె తెచ్చింది. సరేనని, త్రాసు బొమ్మ మీద వేలితో కుంకుమ అద్ది చూపించాను.

"దేవునికి పెట్టినట్టేనా అమ్మా?" అందామె.

"అట్లనే. ఒక్కటే బొట్టు. పక్క గీత మీద పడొద్దు" అన్నాను. అక్కడ ఓటు కేంద్రంలో ముద్ర ఇస్తారనీ, కుంకుమ పెట్టకూడదనీ చెప్పలేదు. అది కూడా తెలియదా అనుకున్నాను.

ఓట్ల లెక్కింపు అయిన సాయంత్రం ఆయన నేరుగా వంటింట్లోకి వచ్చాడు. చెంబెడు నీళ్లు తాగి, మెల్లగా అన్నాడు:

"వదినె, ఆ ఊరి ఆడోళ్లు మాట తప్పలే. కొంగుల కుంకుమ కట్టుకపోయిన్రు. ఎనభై మూడు కాయితాలు, ఒక్కటన్న గీత దాటలే. చెల్లయని పక్కకు పెట్టిన్రు. ఆ బల్ల కాడ మనోళ్లల్ల నేనొక్కన్నే ఉంటి."

ముందుగా నా నోటినుంచి వచ్చిన మాట ఇది: "ఎవ్వరికీ చెప్పకు."

"చెప్ప, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

బయట కార్యకర్తలు అరుస్తున్నారు: "ఆ ఊరి పెట్టెల మనకు ఓట్లే రాలే! ఉప్పు తిని మోసం చేసిన్రన్నా! ఆ ఊరికి ఇగ పోవద్దు!"

"వాళ్లు ఏసిన్రు. నాకెరుకే" అన్నాడాయన. ఎలా తెలుసంటే చెప్పలేదు. అది ఆయన పెద్దమనసు అనుకున్నారు. ఆ ఊరికి మాత్రం మోసం చేసిన ఊరన్న పేరు ఉండిపోయింది. సంతలో ఆ ఊరివాళ్లు బేరమాడితే "మీ మాట ఎవడు నమ్ముతడు?" అని ఎగతాళి చేయడం నా చెవులతో విన్నాను.

ఎనభైలలో మళ్లీ నిలబడ్డప్పుడు, అందరూ వద్దంటున్నా మొదట ఆ ఊరికే వెళ్లాడు. నన్ను తీసుకెళ్లాడు. "మెత్త తడిపి తెచ్చుకో వదినె" అన్నాడు, అంతే. భరిణె తెచ్చినామె నా చెయ్యి పట్టుకుని, "పోయినసారి మేమందరం ఏసినం గదమ్మా. మరి ఎట్ల ఓడిండు?" అని అడిగింది. నేను మడత పెట్టడం నేర్పిస్తూ ఉండిపోయాను. ఆయన పక్కనే ఉన్నాడు. తడి మెత్తను నా వైపు జరిపాడు. ఆ ఎన్నికల్లో గెలిచాడు. పాత మాట మాత్రం ఎవరూ సరిచేయలేదు.

పిల్లవాడు లెక్క తప్పితే గోడకుర్చీ వేయించినదాన్ని. నా తప్పును ఆయన ఇన్నేళ్లు మోశాడు, ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. ఆ ఊరు అంతకన్నా ఎక్కువ మోసింది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. నింద వేసిన వాళ్లందరికీ తెలుసు.

ఇకమీదట జరగవలసినవి:

1. సంతాప సభ హనుమకొండ ఫంక్షన్ హాలులో వద్దు. ఆ ఊరి బడి ఆవరణలో పెట్టాలి.

2. ఈ కాగితం అక్కడ నేనే చదువుతాను. నా కళ్లు బాగాలేవని మనవరాలి చేతికి ఇవ్వకూడదు.

3. ఆనాడు ఓటు వేసిన ఆడవాళ్లలో బతికి ఉన్నవాళ్లను ఇంటింటికీ వెళ్లి పిలవాలి. నడవలేని వాళ్లను మంచంతో సహా తేవాలి.

4. నేను చదవడం అయ్యాక వాళ్లు ఏమన్నా అననివ్వాలి. పెద్దామె అని ఎవరూ అడ్డు రాకూడదు. వాళ్లు ఏమీ అనకుండా నా వైపు చూస్తూ కూర్చున్నా సరే, వాళ్లు లేచేదాకా నన్ను అక్కడినుంచి తీసుకురావద్దు.