కంబళి మీద కూర్చున్నదెవరు?

జయంతికి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. కుర్చీలోంచి లేస్తుంది, కిటికీ తీస్తుంది, మళ్లీ మూస్తుంది. కళ్యాణదుర్గం వైపు పల్లెలకు మనసు జబ్బుల డాక్టరంటే మొదట తెలిసింది ఆమెతోనే. మందుల కంటే మాటలు ఎక్కువ కాబట్టి జనం మాటల మేడమ్ అని పేరు పెట్టేశారు.

ఆ రోజు మాటలన్నీ అయిపోయాయి. ఎదురుగా గొర్రెల కాపరి సుంకన్న. మంద చచ్చిపోయినప్పటి నుంచి నోరు విప్పలేదు, కూడు ముట్టలేదు. సెలైన్ పెడితే సూది పీకి పారేశాడు.

"నీళ్లు తాపినా ఉమ్మేస్తాండాడు మేడమ్. ఇట్లే ఉంటే మనిషి దక్కడు," అంటూ భార్య కదిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

జయంతి చదువుకున్న ప్రశ్నలన్నీ అడిగింది. అతను గోడకేసి చూస్తూనే ఉన్నాడు.

జయంతిని పెంచింది అవ్వ హనుమక్క. ఉరవకొండ దగ్గర పల్లెలో పూనకంలో ఆమె మీదికి దేవర వచ్చేది. గాలి సోకిందని ఎవరినైనా తీసుకొస్తే, అవ్వ కొట్టేదీ కాదు, తిట్టేదీ కాదు. నేల మీద నల్ల కంబళి పరిచి, "నా బిడ్డ మీద నుంచి దిగి ఈడ కూర్చో. ఎవరు నువ్వు? ఏం కావల్ల నీకు?" అని, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు పలకరించేది. పట్నం హాస్టల్లో ఆ సంగతి ఎవరికైనా తెలిస్తే జయంతి సిగ్గుతో చచ్చిపోయేదే. సిగ్గుపడింది సరే, వదిలిందా మరి? రోగి ముందు ఖాళీ కుర్చీ వేసి, "నీ బాధను అందులో కూర్చోబెట్టి మాట్లాడు" అనే పద్ధతి ఆమెకు ఎక్కడిది? అడిగినవాళ్లకు పుస్తకాల్లో ఉందనేది. ఉన్నమాట నిజమే. కానీ ఆమె నేర్చుకున్నది అక్కడ కాదు.

సుంకన్న దగ్గర ఆ కుర్చీ కూడా పనిచేయలేదు. మంద వెంట తిరిగే మనిషికి కుర్చీతో ఏం మాటలుంటాయి! అతని భుజం మీద మాత్రం కంబళి ఉంది. జయంతి చెయ్యి దానివైపు పోయి వెనక్కి వచ్చింది. తలుపు సరిగా పడదు, వరండా నిండా జనం. ఆస్పత్రిలో మంత్రాలు వేస్తోందని సాయంత్రానికల్లా ఊరంతా పాకుతుంది. పెద్ద డాక్టర్ సురేంద్ర ఇప్పటికే ఎగతాళి చేస్తుంటాడు. లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. సుంకన్న కళ్లు మూతలు పడుతున్నాయి.

పోతే పోనీ, పాడు ఉద్యోగం!

కంబళి తీసి నేల మీద పరిచి, పక్కనే చతికిలబడింది.

"సుంకన్నా, ఈడ కూర్చున్నదెవరప్పా?"

అతని చూపు గోడ మీంచి దిగింది. కంబళి మీద ఆగింది.

"గంగి," అన్నాడు.

కదిరమ్మ గుండెలు బాదుకుంది. గంగి అంటే మందకు ముందు నడిచే గొర్రె.

వాడిన జొన్న మొలకలు గొర్రెకు విషమని కాపరికి తెలియకపోదు. కానీ బీళ్లలో గడ్డిపోచ లేదు. ఒక జల్లు పడేసరికి ఆ విషం కొట్టుకుపోయి ఉంటుందనుకున్నాడు.

"అది పోనన్నాది మేడమ్. మూతి తిప్పుకున్నాది. నేనే కట్టెతో కొట్టి జొన్న చేన్లోకి తోలినా."

జయంతి గొంతులోంచి అవ్వ గొంతు వచ్చింది. "అట్లయితే కంబళి మీదికి రా. ఇప్పుడు నువ్వే గంగివి. ఏం కావల్ల నీకు?"

పాక్కుంటూ వెళ్లి కూర్చున్నాడు. ఒళ్లంతా వణికింది.

"ఆకలి," అన్నాడు. "మాకు ఆకలైతే ఈ సుంకన్నకూ ఆకలే. మాకు మేత దొరక్కుండా వీడు యానాడూ సంగటి ముట్టలే. మేం పోయినాం. ఇంకా ఎవరి కోసం పస్తుంటాడు? తినమనండి."

అని బావురుమన్నాడు. కదిరమ్మ ఇంటి నుంచి తెచ్చిన సంగటి డబ్బా మూత తీసింది. సుంకన్న సంగటి తుంచి, మొదటి ముద్ద కంబళి అంచున పెట్టాడు. రెండోది నోట్లో పెట్టుకున్నాడు.

తలుపు దగ్గర సురేంద్ర నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఏమో. ముఖంలో ఎగతాళి లేదు.

"ఇది ఏ పుస్తకంలోది మేడమ్?"

జయంతి అలవాటుగా ఏదో పేరు చెప్పబోయింది. అంతలో కదిరమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నీ మీదికి వచ్చే దేవర ఎవరు తల్లీ?"

ఇద్దరికీ జవాబు ఒక్కటే.

"హనుమక్క," అంది జయంతి, వరండాలో అందరికీ వినబడేట్టు. "మా అవ్వ."