జేజి నీళ్లు పోసిన చోటు

దమ్మాం విమానాశ్రయంలో బస్సు దిగి విమానం వైపు నడుస్తున్నప్పుడు ముక్కుకు తగిలే ఆ కిరసనాయిలు లాంటి ఘాటు వాసన మిగతావాళ్లకు తలనొప్పి తెస్తుందేమో గానీ, నాకు మాత్రం మా జేజిని, ఖతీఫ్‌లో ఖర్జూరపు తోటల పక్కన మేమున్న అద్దె ఇంటిని, ఆ చలికాలాన్ని తెచ్చి కళ్ల ముందు పెడుతుంది. తాత చొక్కాలు ఎంత ఉతికినా ఆ వాసన పోయేది కాదని జేజి అనేది.

నాయన అక్కడ ఏసీలు బాగుచేసేవాడు. నేను మూడో తరగతిలో ఉండగా ఆయన తల్లి, మా జేజి, నంద్యాల దగ్గరి ఊరినుంచి విజిట్ వీసా మీద వచ్చింది. నమాజు చేసుకుని సద్దరొట్టెలు తట్టేది, ఊరినుంచి మూటగట్టి తెచ్చిన చెనిక్కాయల పొడి అందరికీ తలా కాస్త వడ్డించేది. ఏ పనిలో ఉన్నా సరే, పైన విమానం మోత వినబడితే మిద్దె మీదికి వచ్చి, కొంగు తలమీదికి లాక్కుని, ఆ మోత పూర్తిగా అణిగేదాకా పెదవులు కదుపుతూ నిలబడేది. గోలీలాడుకునే మేం నవ్వేవాళ్లం. ఎందుకలా చేస్తావని ఒకరోజు అడిగితే కూర్చోబెట్టుకుని చెప్పింది.

తాత తెల్లవాళ్ల కాలంలో కరాచీలో విమానాల మరమ్మతు నేర్చుకున్నాడట. ఆ రోజుల్లో దారి చూపే యంత్రాలు లేవు, కింద సముద్రపు ఒడ్డును చూసుకుంటూ పోవడమే. ఇంజను మొరాయిస్తే బాగుచేయడానికి తాతను వెంట తీసుకెళ్లేవారు. ఒకసారి టపా మూటలతో బస్రాకు పోతుండగా ఇసుక తుఫాను కమ్ముకుంది. ఒడ్డు కనబడలేదు. దారి తప్పి ఎడారి మీదికి వెళ్లాక ఇంజను ఆగిపోయింది. విమానం నడిపే తెల్లదొర ఎలాగో కిందికి దించాడు. చక్రాలు విరిగినా ఇద్దరూ బతికారు. కానీ ఉన్న నీళ్లు అయిపోయాయి. దూరంగా చెరువు కనబడుతోందని దొర బయలుదేరాడు.

"అది నీళ్లు కాదు దొరా, ఎండమావి, పోవద్దని మీ తాత కాళ్లు పట్టుకున్యాడంట పాపా. ఇద్దరికీ తెస్తా, నువ్వు ఈడే ఉండు అని పోయినాడంట."

తాత రేకు రెక్కల మీద పట్టిన మంచును తలగుడ్డతో అద్ది నాలుక మీద పిండుకున్నాడు. ఆ రేకు మెరుపు చూసి ఒంటెల కాపరులు వచ్చారు. ఆయనకు పాలు తాగించి, దొర అడుగుజాడలు పట్టుకుని వెళ్లి, అప్పటికే ప్రాణం పోయిన మనిషిని అక్కడే పూడ్చి వచ్చారు.

ఆ చోటు బాతిన్ అనే ఎండులోయ పక్కన అని తాత చెప్పేవాడట. అక్కడికి తీసుకుపొమ్మని జేజి పట్టుబట్టింది.

"అంత ఎడారిలో యాడని ఎతికేదమ్మా?" అన్నాడు నాయన.

"ఎతకొద్దులేరా. ఆ నేల తొక్కితే సాలు."

నాయన తనకు వీసా ఇచ్చిన యజమానిని, కఫీల్‌ను, బతిమాలి కారు తెచ్చాడు. చిత్రాన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని నేను వెనక కూర్చున్నాను. హఫర్ అల్ బాతిన్ దాటాక, వానకు ఇసుకలో సన్నగా గడ్డి మొలిచిన చోట జేజి ఆపమంది. చెప్పులు విడిచి కొంతదూరం నడిచి, సీసాలోని నీళ్లన్నీ నేల మీద మెల్లగా పోసింది.

"తాగు నాయనా," అంది. "మా ఇంటాయనకు గూడా తెస్తానని పోతివి."

నాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఇప్పుడు జేజి లేదు, నాయనా లేడు. మా అద్దె ఇంటిని రోడ్డు కోసం కొట్టేశారు. తోటలు నరికేసిన చోట బిల్డింగులు లేచాయి. ఈమధ్య ఆ ఎడారి మీదుగా ఎగురుతుంటే, కిటికీ పక్కన కూర్చున్న మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. అది చాలాసేపు కిందికి చూసి, "ఆ దొర పేరేంటమ్మా?" అంది.

జేజి నీళ్లు పోసిన రోజు తిరుగు ప్రయాణంలో నేనూ అదే అడిగాను. "మీ తాత సెప్పినాడు పాపా, నాకు నోరు తిరగల్యా. అయినా ఇమానం మోత ఇనపడినప్పుడల్లా ఆయన కోసరం దువా చేసేటప్పుడు నాకొచ్చినట్టే అంటాంటా," అని జేజి ఏదో గొణిగింది. కారు హోరులో నాకు సరిగ్గా వినబడలేదు. తర్వాతెప్పుడైనా మళ్లీ అడుగుదామనుకున్నాను, అడగనేలేదు.